బరంపురం గిరి గారు, పనివాళ్ల గోడు

మా పదో తరగతి పిల్లల్ని హెచ్.ఆర్. అంటే ఏమిటని అడిగాం. ఉద్యోగంలో చేర్చుకునేవాళ్లు, తీసేసేవాళ్లు అని జవాబు వచ్చింది. చేర్చుకోవడానికీ తీసేయడానికీ నడుమ ఉండే అసలు పని తెలియాలంటే వి.వి. గిరి గారి జీవితం చెప్పుకోవాలి. రాష్ట్రపతిగా అందరికీ తెలుసు గానీ, అంతకుముందు జీవితమంతా పనివాళ్ల మధ్యే గడిపారాయన.

వరాహగిరి వెంకటగిరి 1894లో బరంపురంలో తెలుగు కుటుంబంలో పుట్టారు. ఆ ఊరు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోది, ఇప్పుడు ఒడిశాలోది. తండ్రి జోగయ్య పంతులు గారు వకీలు. కొడుకు 1913లో న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ వెళ్లి, అక్కడి స్వాతంత్ర్య పోరాటం వైపు మొగ్గారు. 1916లో ఐర్లాండు విడిచి రావలసి వచ్చింది.

తర్వాత బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికుల సంఘం పని నెత్తికెత్తుకున్నారు. ఆ రైల్వే పనికి ఖరగ్‌పూర్ వెళ్లిన తెలుగువాళ్లు ఎందరో. వాళ్ల పిల్లలు, మనవలు ఇప్పటికీ అక్కడ ఉన్నారు. 1920ల చివర రైల్వే యాజమాన్యం కార్మికులను తగ్గించబూనితే గిరి గారు సమ్మె నడిపారు. ఎక్కడా చెయ్యి లేవనివ్వలేదు. చివరికి యాజమాన్యమే దిగివచ్చింది. సమ్మె చేయించడం కన్నా, అన్ని వేలమందిని ఆకలి రోజుల్లో అదుపు తప్పకుండా నిలపడమే కష్టమని మాకనిపిస్తుంది.

1937లో మద్రాసులో రాజాజీ మంత్రివర్గంలో కార్మిక శాఖ చూశారు. 1952లో కేంద్రంలోనూ అదే శాఖ. అక్కడే ఆయన ఆలోచన స్పష్టమైంది. తగాదాను ప్రభుత్వం బలవంతాన ట్రిబ్యునల్‌కు పంపితే ఒకరు గెలుస్తారు, ఒకరు ఓడతారు. మర్నాడు ఇద్దరూ అదే కార్ఖానాలో పనిచేయాలి కదా! అందుకని యజమాని, కార్మికుడు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవడమే ముందు జరగాలన్నారు. దీన్నే గిరి విధానం అన్నారు. 500 మంది లేదా అంతకు మించి పనిచేసే కార్ఖానాలో సంక్షేమ అధికారి ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం అప్పటికే చెప్పింది. ఈనాటి హెచ్.ఆర్. విభాగానికి మన దేశంలో ఉన్న మూలాల్లో అదొకటి.

ఆయన మాట ప్రభుత్వంలో పూర్తిగా చెల్లలేదు. 1954లో బ్యాంకు ఉద్యోగుల జీతాలపై ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చింది. బలవంతపు తీర్పులు ఆయనకు ఇష్టం లేదు. అయినా వచ్చిన తీర్పును ఉద్యోగులకు నష్టం కలిగేలా సడలించడాన్ని ఒప్పుకోలేక మంత్రి పదవి వదులుకున్నారు.

తర్వాత ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాలకు గవర్నరు, 1969లో రాష్ట్రపతి. ఆయన పదవిలో ఉండగానే, 1974 మేలో, దేశమంతటా రైల్వే సమ్మె జరిగింది, ప్రభుత్వం దాన్ని అణచివేసింది. రైల్వే కార్మికుల మధ్య ఎదిగిన మనిషికి ఆ రోజులు ఎలా గడిచాయోనని పాఠం చెప్పేటప్పుడల్లా అనుకుంటాం.

1980లో మద్రాసులో కన్నుమూశారు. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు ఇప్పుడు ఆయన పేరే.