సర్ జాన్ చార్న్‌లీ

బండిచక్రము సుఖముగా తిరుగవలెనన్న ఇరుసునకు కందెన యుండవలెను. కందెన లేనిచో ఇరుసు కిర్రుమని మొరపెట్టును, కొంతకాలమునకు అరిగిపోవును. మన శరీరమందలి కీళ్ళును ఇట్టివే. కీలునొద్ద ఎముకల కొనలను నున్నని మృదులాస్థి కప్పియుండును. వాని నడుమ జిగురువంటి ద్రవ మూరుచుండును. అందుచేతనే మనము పరుగెత్తుచున్నను కీళ్ళ యునికి మనకు తెలియదు. తుంటికీలునందు తొడయెముక తల బంతివలె గుండ్రముగా నుండి, కటియెముకయందలి గిన్నెవంటి గుంటలో తిరుగుచుండును. అచ్చటి మృదులాస్థి అరిగిపోయినచో ఒక్క యడుగు వేయుటయు నరకయాతన యగును. అట్టి బాధితులను మరల నడిపించిన మహావైద్యుడు సర్ జాన్ చార్న్‌లీ.

ఆయన 1911 ఆగష్టు 29వ తేదీన ఇంగ్లండు దేశమున, లాంకషైరు మండలమందలి బరీ పట్టణమున జన్మించెను. తండ్రి మందుల దుకాణము నడపువాడు. జాన్ మాంచెస్టరులో వైద్యవిద్య నభ్యసించి 1935లో పట్టభద్రుడయ్యెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున సైనిక వైద్యుడుగా పనిచేసెను. ఈజిప్టులో నున్నప్పుడు సైనిక యంత్రశాలలోని పనివారి తోడ్పాటుతో, విరిగిన యెముకలకు వలయు పరికరములను చేయించెను. ఎముకల వైద్యమునకు వైద్యశాస్త్రముతోపాటు యంత్రశాస్త్రమును అవసరమని ఆయన గ్రహించెను.

యుద్ధానంతరము ఆయన యొద్దకు ఒక రోగి వచ్చెను. ఆతని తుంటిలో వేరొక వైద్యుడు కృత్రిమమైన తల నమర్చియుండెను. ఆతడు కదలినప్పుడెల్ల అది కిర్రుమని చప్పుడు చేయుచుండెను. ఇతరులకు వింతగా తోచిన ఆ చప్పుడు చార్న్‌లీని ఆలోచింపజేసెను. రాపిడి హెచ్చగుటయే లోపమని ఆయన నిశ్చయించెను. సహజమైన కీలునందలి రాపిడి మంచుపై మంచు జారునప్పటి రాపిడికంటెను తక్కువయని పరీక్షలవలన తెలిసికొనెను.

పిమ్మట రైటింగ్టన్ ఆసుపత్రిలో ఆయన కొత్త కీలును నిర్మింప బూనెను. ఉక్కుతో చిన్న తలను, మిక్కిలి నునుపైన టెఫ్లాన్ అను పదార్థముతో గిన్నెను చేయించి, వానిని ఒక విధమైన సిమెంటుతో ఎముకలకు అతికించెను. సుమారు మూడువందలమందికి ఈ చికిత్స జరిగెను. కుంటుచు వచ్చినవారు నడచి వెళ్ళిరి. ఆయన కీర్తి వ్యాపించెను.

కాని ఆ సంతోషము నిలువలేదు. రెండు మూడేండ్లలోనే టెఫ్లాన్ గిన్నెలు అరుగసాగెను. అరిగిన పొడి చుట్టునున్న కండరమును, ఎముకను చెరచెను. నడచిన రోగులు మరల బాధతో తిరిగివచ్చిరి. చార్న్‌లీ తన తప్పును దాచలేదు. ఆ గిన్నెలను తొలగించు శస్త్రచికిత్సలను తానే చేసెను. అంతేకాక ఆ పదార్థము శరీరమున కెట్టి హాని చేయునో తెలిసికొనుటకై దానిని తన తొడలోనే చొప్పించుకొని పరీక్షించెను.

1962లో ఒక వర్తకుడు పాలిథిలీన్ అను కొత్త పదార్థపు ముక్కను ప్రయోగశాలకు తెచ్చెను. చార్న్‌లీ దానిని చూచి ప్రయోజనము లేదని తలంచెను. అయినను ఆయన సహాయకుడు హారీ క్రేవెన్, చార్న్‌లీ ఊర లేని సమయమున, దానిని అరుగుదల పరీక్షించు యంత్రమున కమర్చెను. మూడు వారములు యంత్రము తిరిగినను, టెఫ్లాన్ ఒక్క దినమున అరుగునంత కూడ అది అరుగలేదు. తిరిగివచ్చిన చార్న్‌లీ తన అభిప్రాయము పొరపాటని వెంటనే యంగీకరించెను. ఆ సంవత్సరము నవంబరులోనే కొత్త గిన్నెను రోగి కమర్చెను.

ఈసారి ఆయన తొందరపడలేదు. ఆ కీలు ఎంతకాలము నిలుచునో చూడనిదే ఇతర వైద్యులకు దానిని విక్రయింపనీయలేదు. కోరినవారు రైటింగ్టనుకు వచ్చి పద్ధతి నేర్చుకొనవలసియుండెను. గాలిలోని సూక్ష్మజీవులవలన గాయములు చెడుచున్నవని యెంచి, పరిశుద్ధమైన గాలి ప్రసరించు శస్త్రచికిత్సా మందిరమును నిర్మించెను. తాము మరణించిన పిదప ఆ కీళ్ళను పరీక్షకై యిచ్చుటకు రోగులను ఒప్పించెను. మరణానంతరము కూడ ఆ కీళ్ళు ఆయనకు పాఠములు చెప్పెను.

1977లో ఆయనకు సర్ బిరుదము లభించెను. 1982 ఆగష్టు 5వ తేదీన ఆయన స్వర్గస్థుడయ్యెను. నేడు లోకమున ఏటేట పదిలక్షలకు పైగా జనులు కృత్రిమమైన తుంటికీళ్ళను పొందుచున్నారు. వారు నిశ్శబ్దముగా వేయు ప్రతి యడుగునకు వెనుక, ఒక కిర్రుచప్పుడును శ్రద్ధతో విన్న వైద్యుని చెవియు, తన తప్పును తానే దిద్దుకొన్న ఆతని మనస్సును గలవు.