కాలేజీకి పనికిరాడన్నారు.. పాటల పెట్టె చేశాడు

పాత సినిమాల్లో డబ్బున్నవాళ్ల హాలు గుర్తు తెచ్చుకోండి. ఓ మూల బీరువాలాంటి చెక్క పెట్టె ఉంటుంది. మూత ఎత్తి రికార్డు పెడితే లోపల్నుంచి పాట వస్తుంది. తర్వాత రేడియో కూడా అందులో చేరితే అది రేడియోగ్రామ్ అయింది. ఇంకొన్నాళ్లకు టీవీ కూడా చేరింది. ఈ పెట్టెలకు దారి వేసినవాడు ఇంజినీరింగ్ చదవలేదు. రిపేరు షాపులో పని నేర్చుకున్నాడు. పేరు ఎల్డ్రిడ్జ్ జాన్సన్.

1867లో అమెరికాలోని విల్మింగ్టన్‌లో పుట్టాడు. తండ్రి వడ్రంగి. రెండేళ్లకే తల్లి పోతే పెద్దమ్మ ఇంట్లో పెరిగాడు. కాలేజీలో చేరాలని ఆశ. 15 ఏళ్లకు స్కూలు పూర్తవగానే అక్కడి పెద్దాయన నీ బుర్రకు కాలేజీ ఎక్కదు, ఏదన్నా చేతిపని చూసుకో అనేశాడు. అనుమసముద్రంపేట నుంచి బస్సెక్కి ఐటీఐకో డిప్లొమాకో వెళ్తున్న మీలో ఎంతమంది ఇలాంటి మాట వినుంటారో!

జాన్సన్ ఫిలడెల్ఫియాలో ఓ మెషిన్ షాపులో అప్రెంటిస్‌గా చేరాడు. తర్వాత కామ్డెన్ ఊళ్లో మరో షాపుకి మారి, 1894కల్లా దానికి యజమాని అయ్యాడు. అక్కడికే వచ్చింది ఎమిల్ బెర్లినర్ గ్రామఫోన్. దాన్ని చేత్తో తిప్పాలి. చెయ్యి కాస్త తడబడితే పాట సాగుతుంది, లేదా పరుగెత్తుతుంది. 1896లో జాన్సన్ దానికి సరిపోయే స్ప్రింగ్ మోటారు చేసిచ్చాడు. ఒకసారి కీ ఇస్తే చాలు, రికార్డు ఒకే వేగంతో తిరుగుతుంది. అక్కడితో ఆగకుండా రికార్డింగ్ పద్ధతినీ బాగుచేశాడు. 1901లో విక్టర్ కంపెనీ పెట్టాడు. మన పాత హెచ్‌ఎంవీ రికార్డుల మీది కుక్కబొమ్మే అమెరికాలో ఆ కంపెనీ గుర్తు.

ఇంకో చిక్కు మిగిలింది. పెద్ద గొట్టం బయటికి పొడుచుకొచ్చి ఉండేది. దుమ్ము పట్టేది, చోటు తినేది. 1906లో వచ్చిన విక్ట్రోలాలో ఆ గొట్టాన్ని కిందికి తిప్పి చెక్క పెట్టెలో దాచేశారు. ధర 200 డాలర్లు. ముందు తలుపులు తెరిస్తే ధ్వని పెరుగుతుంది, మూస్తే తగ్గుతుంది. అప్పటి వాల్యూమ్ బటన్ అదే! యంత్రం కాస్తా ఇంట్లో సామానైపోయింది.

అయితే ఆయన అంచనా ఒకచోట తప్పింది. 1920ల్లో రేడియో వచ్చినప్పుడు త్వరగా అందుకోలేదు. అమ్మకాలు పడిపోయాయి. 1925లో కొత్తరకం విక్ట్రోలా తెచ్చి కంపెనీని నిలబెట్టాక, తన వాటాను దాదాపు 2.8 కోట్ల డాలర్లకు అమ్మేసి తప్పుకున్నాడు. 1929లో కంపెనీ ఆర్‌సీఏ చేతికొచ్చింది. 1939లో ఆ ఆర్‌సీఏ అమ్మిన టీవీ కూడా చెక్క పెట్టెలోనే వచ్చింది. మూతకున్న అద్దంలో బొమ్మ చూడాలి. 1945లో జాన్సన్ కన్నుమూశాడు.

మీ కోర్సు పేరు చూసి ఎవరైనా తక్కువ చేస్తే ఆయన్ని తలుచుకోండి. గ్రామఫోన్‌ని కనిపెట్టింది ఆయన కాదు. కానీ అది ఎక్కడ ఇబ్బంది పెడుతోందో గమనించి, చేత్తో సరిచేశాడు. మీ చేతికొచ్చిన మోటారునో బోర్డునో బాగుచేసి పక్కన పెట్టేసే ముందు ఓసారి అడగండి, ఇది వాడేవాళ్లకి ఇంకెక్కడ ఇబ్బందిగా ఉంది? జవాబు రాసిపెట్టుకోండి. మీ తర్వాతి ప్రాజెక్టు అక్కడే దొరకొచ్చు.