మసూరు స్టేషన్ల దిగిన తొమ్మిదేండ్ల పోరడు

కొత్త అంగీలు, తళతళ మెరిసే టోపీలు, పట్టంచు ధోతులు, కాళ్లకు కొత్త బూట్లు. 1901 ఎండకాలం సెలవులల్ల సతారా నుంచి నాయిన కాడికి బయలెల్లిన ఆ పోరగాండ్ల సంబురం ఎట్లుంటదో మీకు చెప్పనక్కర్లేదు. రైలు చూసుడే వాళ్లకు మొదటిసారి. అండ్ల ఒకడు తొమ్మిదేండ్ల భీమ్‌రావ్. ఎంబడి అన్న, సచ్చిపోయిన అక్క కొడుకులు.

నాయిన రాంజీ పటాలంల సుబేదార్‌గ చేసినోడు. అప్పుడు కోరెగావ్‌ల క్యాషియర్ నౌకరి. కరువుల ఆకలికి అల్లాడే జనానికి పని చూపెట్టనీకి సర్కారు అక్కడ చెరువు తవ్విస్తుండె. ఈ చెరువు ముచ్చట జర యాదికుంచుకోండ్రి.

మసూరు స్టేషన్ల దిగితే తీసుకపోనీకి ఎవ్వలూ రాలే. ఉత్తరం నాయినకు ఇయ్యకుండ నౌకరోడు మర్చిపోయిండట. బట్టలు చూసి పెద్దింటి పిల్లలనుకున్న స్టేషన్ మాస్టర్ మంచిగనే పలకరించిండు. మహార్లమని చెప్పంగనే మొకం మాడ్చుకోని ఎనక్కి జరిగిండు. బండ్లు మస్తున్నయ్, రెండింతల కిరాయి ఇస్తమన్నా ఎవ్వలూ ఎక్కించుకోలే. ఆఖరికి ఒకాయన ఒప్పుకున్నడు. షరతు ఏందంటే బండి పిల్లలే తోలాలె, ఆయన పక్కపొంటి నడుస్తడు.

గంపనిండ తిండి ఉన్నది, తాగనీకి నీళ్లు లేవు. ఏటి కాడ దొరికినయ్ పశువుల పేడ, మూత్రం కలిసిన బురదనీళ్లు. రాత్రి టోల్ నాక కాడ ముసల్మాన్లమని చెప్పమన్నడు బండాయన. ఉర్దూ వచ్చిన భీమ్‌రావ్ అట్లనే చెప్పిండు. ఐనా నీళ్లు పుట్టలే. తిండి పక్కన పెట్టుకోని ఆకలికే పండుకున్నరు.

బడిల గోనెపట్ట మీద వేరే కూసునుడు, నౌకరోడు పోస్తేనే నీళ్లు తాగుడు ఆ పిలగానికి అప్పటికే ఎరుకే. గది లోకం తీరే అనుకున్నడు. ఈ తొవ్వ మాత్రం గుండెల ముల్లులెక్క దిగింది. ముప్పై ఏండ్లు దాటినంక, విదేశాలల్ల పెద్ద చదువులు చదివొచ్చినంక, తన బతుకు ముచ్చట్లు రాసుకుంటే మొదట రాసింది ఈ ప్రయాణమే.

ఆయన కొట్లాట యాడ మొదలైందో చూడండ్రి. గుడి కాడ కాదు, చెరువు కాడ. 1927 మార్చి 20న మహాడ్ చవదార్ చెరువుల దిగి దోసిలితోని నీళ్లు తాగిండు. ఎంబడి వేలమంది. అగ్రకులపోళ్లు 108 కుండల పంచగవ్యం పోసి ఆ చెరువును శుద్ధి చేసిన్రు. పశువుల మూత్రం పనికొచ్చింది, మనిషి చెయ్యి మైల అయ్యింది! కేసు హైకోర్టు దాక పోయి 1937ల గెలిచేటాలకు పదేండ్లు పట్టింది.

1942 నుంచి 46 దాక వైస్రాయ్ కౌన్సిల్‌ల ఉన్నప్పుడు దేశం నీళ్ల పని ఆయన చేతికే వచ్చింది. దామోదర్ లోయ పథకానికి పునాది అప్పుడే పడ్డది. చెరువు తవ్వించే కాడ లెక్కలు రాసిన మనిషి కొడుకే కదా. రాజ్యాంగం ముసాయిదా కమిటీకి కూడ ఆయనే అధ్యక్షుడు. అండ్ల 15వ అధికరణం తీసి చదవండ్రి తమ్మీ. కులం పేరు మీద ఎవ్వల్నీ ఆపొద్దన్న జాగలల్ల బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు పేరుపేరున రాసి ఉన్నయ్.