రేడియోలో విన్న రాజోలు గొంతు

మన విశ్రాంత ఉద్యోగుల సంఘం ప్రత్యేక సంచికకు కోనసీమలో పుట్టిన ప్రముఖులలో ఒకరిని గురించి రాసి ఇమ్మని కార్యదర్శిగారు నన్ను అడిగారు. బాలమురళిగారి మీద అయితే బాగుంటుందని ఒక సూచన కూడా చేశారు. సూచన మంచిదే. కాని శంకరగుప్తంలో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణగారి గురించి రాసేవారు చాలామంది ఉన్నారు, ఇంకా రాస్తారు. నేను మాత్రం అదే రాజోలు తాలూకాలో ఆయనకంటే రెండేళ్లు ముందు పుట్టిన మరొక గాయకుడి గురించి రాస్తాను. ఆయన వోలేటి వెంకటేశ్వర్లుగారు. మన వయసువారికి ఈ పేరు చదవగానే ఒక గొంతు చెవిలో వినిపించే ఉంటుంది. మన మనవలకు చెబితే మాత్రం, ఎవరాయన అని అడుగుతారు. అందుకే ఈ వ్యాసం.

వోలేటివారు 1928లో రాజోలులో పుట్టారు. ఆనాటి రాజోలు అంటే ఒక పక్క వశిష్ఠ, ఒక పక్క వైనతేయ, దిగువన సముద్రం. వంతెనలు లేని రోజులు. ఎటు కదలాలన్నా రేవు దాటాలి. మనవైపు సంగీతానికి కొరత ఉండేది కాదు గాని, అది గుళ్లో సన్నాయి, పందిట్లో హరికథ, శ్రీరామనవమికి భజన, తీర్థాలకు తెల్లవార్లూ పద్యనాటకం. శాస్త్రీయంగా పట్టుపట్టి నేర్చుకోవాలనుకున్న కుర్రవాడు ఏరు దాటవలసిందే. వోలేటివారు కాకినాడలో మునుగంటి వెంకటరావు పంతులుగారి దగ్గర శిష్యరికం చేశారు. కాకినాడ అప్పటికే సంగీతానికి పెట్టింది పేరు. అక్కడి సరస్వతీ గానసభకు ఇప్పుడు వందేళ్లు దాటాయి. దక్షిణాది విద్వాంసులు వచ్చి పాడి వెళ్లే ఊరు కాబట్టి, గురువు ఇంట్లో నేర్చిన పాఠాన్ని సభలో విన్న కచేరీతో సరిచూసుకునే వీలు కుర్రవాళ్లకు ఉండేది.

ఆ తరువాత ఆయనకు గురువు శ్రీపాద పినాకపాణిగారు. పాణిగారి సంగతి మనవారికి చెప్పనక్కరలేదు. వృత్తికి డాక్టరు, వైద్య కళాశాలలో ప్రొఫెసరు, ప్రవృత్తికి సంగీత గురువు. 1913లో పుట్టి 2013లో, నూరో ఏట కన్నుమూశారు. తంజావూరు బాణీలోని నిండుతనాన్ని తెలుగునాట పాదుకొల్పినవారు ఆయనే అంటే అతిశయోక్తి కాదు. నేదునూరి కృష్ణమూర్తి, నూకల చినసత్యనారాయణ, శ్రీరంగం గోపాలరత్నం, మన వోలేటి, వీరందరూ ఆ ఇంటి విద్య దక్కినవారే. ఒక్కొక్కరిది ఒక్కొక్క దారి. అందరిలోనూ ఎక్కువ సున్నితమైన గొంతు వోలేటివారిదని నా అభిప్రాయం. కాదనేవారితో నాకు పేచీ లేదు, రుచి ఎవరిది వారిది.

ఆలిండియా రేడియో విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలయింది. వోలేటివారి జీవితంలో ముఖ్యభాగం ఆ కేంద్రంలోనే గడిచింది. కచేరీలు, లలితగీతాలు, సంగీత రూపకాలు, ప్రొద్దుటి భక్తిరంజని, అన్నింటిలోనూ ఆయన చెయ్యి ఉండేది. కొన్నింట్లో పాడేవారు, కొన్నింటికి వరుస కట్టేవారు, కొన్నింట్లో ఇతరుల చేత పాడించి తాను వెనక ఉండేవారు. అలా వెనక ఉండే పనికి పత్రికల్లో పేరు రాదు. పెన్షనర్లం కనుక మనకు తెలియవలసిన సంగతి ఒకటుంది. రేడియోలో స్టాఫ్ ఆర్టిస్టులుగా పనిచేసినవారు చాలాకాలం ఒప్పందం మీదనే పనిచేశారు. ప్రభుత్వోద్యోగులకు ఉండే భద్రత వారికి 1980ల దాకా దక్కలేదు. మనం ప్రొద్దున్నే కాఫీ తాగుతూ విన్న ఆ సంగీతమంతా అలాంటి ఉద్యోగాలు చేసినవారిదే.

ఇక్కడ కాస్త పక్కకు వెళ్లి ఆనాటి రేడియో సంగతి చెప్పాలి. 1952లో కేస్కర్‌గారు సమాచార ప్రసారశాఖ మంత్రి అయ్యాక రేడియోలో సినిమా పాటలు బాగా తగ్గిపోయాయి. జనం సిలోన్ స్టేషను వైపు ముళ్లు తిప్పేశారు. ఆయన్ని తిట్టుకోనివారు లేరు. కాని అదే ఏడాది సంగీతానికి జాతీయ కార్యక్రమం మొదలయింది, 1954లో రేడియో సంగీత సమ్మేళనాలు మొదలయ్యాయి. లంక గ్రామంలో వాల్వు రేడియో ముందు కూర్చున్న మనిషికి శనివారం రాత్రి ఒక వారం కర్ణాటక సంగీతం, మరో వారం హిందుస్తానీ ఇంటికే వచ్చేవి. సినిమా పాటలు పోయినందుకు నేనూ విసుక్కున్నవాణ్ణే. అయినా కేస్కర్‌గారి పుణ్యాన విన్నవి చాలా ఉన్నాయి.

వోలేటివారికి హిందుస్తానీ అంటే ప్రాణం. బడే గులాం అలీఖాన్ గానమంటే ఆయనకు ఎంత గురి ఉండేదో ఆయన ఆలాపన విన్నవారికి తెలుస్తుంది. పటియాలా బాణీకి చెందిన ఆ ఉస్తాదు 1968లో మన హైదరాబాదులోనే కన్నుమూశారు. ఆయన గొంతులోని పరుగు, మూడు స్థాయిల్లో శ్రమ కనపడకుండా తిరిగే లాఘవం వోలేటివారి పాటలోకి వచ్చాయి. అలాగని మన సంగీతంలో హిందుస్తానీ ముక్కలు అతికించినట్టు ఉండేది కాదు. హమీర్ కల్యాణి ఉదాహరణగా తీసుకోండి. అది వారి కేదార్‌కు దగ్గరి చుట్టం. చాలామంది ఆ రాగం పాడుతుంటే ఇప్పుడు ఉత్తరాదికి వెళ్లాం, ఇప్పుడు తిరిగి వచ్చాం అని తెలిసిపోతుంది. ఆయన పాడితే ఆ సరిహద్దు ఎక్కడుందో నాకెప్పుడూ దొరకలేదు. గమకం గమకంగానే ఉండేది, సాహిత్యం నలిగేది కాదు. శుద్ధ సంప్రదాయవాదులు కొందరు ఈ పోకడను ఒప్పుకోలేదు. పినాకపాణిగారి దగ్గర గట్టి పునాది పడ్డ గొంతుకు అంతమాత్రాన వచ్చే ప్రమాదం లేదని నా నమ్మకం.

ఈ విషయం మీద మా ఆఫీసులో సుమారు పాతికేళ్లు వాదన నడిచింది. నా పక్క సీటులో పనిచేసిన మిత్రుడిది శంకరగుప్తం దగ్గరి ఊరు. బాలమురళిగారంటే ఆయనకు ఇంటి మనిషి కింద లెక్క. ఎక్కడ కచేరీ అయినా సెలవు పెట్టి వెళ్లేవాడు. రేడియోలో వినేది సంగీతం కాదని, సగం పాటేనని ఆయన వాదం. పాడేవాడి ముఖం చూడాలి, మృదంగం వాడి చెయ్యి చూడాలి, జనం తల ఊపితే ఆ ఊపుకు గాయకుడికి వచ్చే కొత్త ఊహను అక్కడికక్కడ వినాలి. ఆ మాటలో నిజముంది. బాలమురళిగారి విషయంలో అది నూటికి నూరుపాళ్లు నిజం. ఆయన సభను చూస్తే విప్పారే గాయకుడు. పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి దగ్గర చిన్ననాడే తయారై, ఎనిమిదో ఏటనే కచేరీ చేసినవాడికి వేదిక సొంత అరుగులాంటిది.

నా వాదం వేరు. పందిరి కచేరీలు నేనూ చాలా విన్నాను. మైకువాడు ఇష్టమొచ్చినట్టు పెంచి తగ్గించడం, జనరేటరు హోరు తంబురా శ్రుతిని మింగేయడం, రాగం మొదలుపెట్టగానే ఎవరో పెద్దమనిషి రావడం, ఆయనకు దండ వేయడానికి పాట ఆపడం, తని ఆవర్తనానికి సభలో సగం లేచి కిళ్లీ కొట్టుకు పోవడం, ఇవన్నీ సంగీతంలో భాగమంటే నేనొప్పుకోను. పైగా మన కోనసీమ జనానికి పద్యనాటకాల అలవాటు. రాగం సాగదీస్తే చప్పట్లు, గొంతు పెంచితే వన్స్ మోర్. ఆ కేకకు లొంగని గాయకుడు అరుదు. వోలేటివారి గొంతు ఆ కేక కోసం పుట్టింది కాదు. దాని మెత్తదనమంతా అతి చిన్న కదలికలో ఉంటుంది. తలుపులు బిగించిన స్టూడియోలో, ఒక మైకు ముందు, ఎవరి మెప్పుకూ ఎదురుచూడకుండా పాడినప్పుడు అది పూర్తిగా వినపడుతుంది. ఇరవై నిమిషాలు, అరగంట అని ముందే కాలం కొలిచి ఇచ్చినా, ఆ కొలతలో ఒక రాగాన్ని తొందర లేకుండా నిలబెట్టడం చిన్న విద్య కాదు.

మా మిత్రుడి చివరి బాణం ఒకటుండేది. నువ్వు ఆయన్ని ఒక్కసారీ ఎదురుగా కూర్చుని వినలేదు కదా, చూడని మనిషి పాట మీద ఇంత ప్రేమ ఏమిటని. నిజమే, నేను వినలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి కాకినాడలో ఆయన పాట ఉందని తెలిసి బయలుదేరాను. ముక్తేశ్వరం రేవుకు చేరేసరికి గాలివాన. పంటు కట్టేశారు. చీకటి పడేదాకా గట్టున నిలబడి, అవతల కోటిపల్లి దీపాలు చూసి వెనక్కి వచ్చాను. ఆ తరువాత మరి కుదరలేదు. బదిలీలు, పిల్లల చదువులు, మీ అందరికీ తెలిసినవే. అయినా నాకు వెలితి అనిపించదు. ఆ గొంతు నాకు తెలిసినంతగా, ఎదురుగా చూసి విన్న ఏ గొంతూ తెలియదు.

ఆయన రేడియోలో చేసిన పనులన్నింటిలో మా ఇంటికి ఎక్కువ దగ్గరైనది సంగీత శిక్షణ. గురువు ఒక సంగతి పాడతారు, శిష్యులు తిరిగి పాడతారు, తప్పితే మళ్లీ చెబుతారు. అంతే కార్యక్రమం. గురుకులం అనే మాటను ఇంటింటికీ పంచినట్టుండేది. మా ఆవిడకు చిన్నప్పటినుంచీ పాట మీద ఇష్టం. పుట్టింట్లో ఆడపిల్లకు సంగీతం మేష్టారిని పెట్టలేదు, మేముండే పల్లెల్లో మేష్టారే లేరు. ఆమె రేడియో పక్కన పీట వేసుకుని, వందపేజీల రూళ్ల నోటు పుస్తకంలో స్వరం, సాహిత్యం రాసుకునేది. ఆ సమయానికి పాలవాడు వచ్చినా, నేను కేక వేసినా పలికేది కాదు. వినపడని చోట ఖాళీ వదిలేది. మళ్లీ ఎప్పుడైనా అదే పాట వస్తే ఆ ఖాళీ పూరించేది. అలా నాలుగు పుస్తకాలు నిండాయి. ఆమె ఎన్నడూ వేదిక ఎక్కలేదు. పేరంటాలలోను, మా వీధి రామాలయంలోను పాడింది. మా ఇద్దరు ఆడపిల్లలకు, తరువాత ఒక మనవరాలికి తానే నేర్పింది. ఎవరి దగ్గర నేర్చుకున్నారని అడిగినవారికి, వోలేటివారి దగ్గరని చెప్పేది. నేను నవ్వేవాణ్ణి, ఆమె నవ్వేది కాదు. అలాంటి శిష్యురాళ్లు ఈ జిల్లాలలో ఎందరుండేవారో లెక్క ఎవరూ కట్టలేదు.

ముఖతా నేర్చుకున్న శిష్యులూ ఉన్నారు. విజయవాడలో మల్లాది సూరిబాబుగారు, వారి కుమారులు శ్రీరాంప్రసాద్, రవికుమార్ ఆ బాణీని నిలబెట్టినవారు. మల్లాది సోదరుల జంట గానంలో కొన్ని మలుపుల దగ్గర నాకు పాత రేడియో గుర్తుకు వస్తుంది.

బిరుదుల లెక్క చూస్తే మనసు కలుక్కుమంటుంది. మద్రాసు సంగీత అకాడమీ వారి సంగీత కళానిధి బాలమురళిగారికి 1978లో, గురువు పినాకపాణిగారికి 1983లో, సహాధ్యాయి నేదునూరిగారికి 1991లో వచ్చింది. వారందరూ అర్హులే. ఆ వరుసలో వోలేటివారి పేరు లేదు. ఆయన 1989లోనే వెళ్లిపోయారు. మద్రాసులో స్థిరపడకపోవడం, సభల చుట్టూ తిరగకపోవడం, రేడియో ఉద్యోగాన్ని తన కచేరీకి మెట్టుగా వాడుకోకపోవడం, ఇవన్నీ కారణాలు కావచ్చు. సంగీతజ్ఞులు మాత్రం ఆయన పాట వినడానికి రేడియో దగ్గర చేరేవారు. అది కూడా ఒక బిరుదే గాని, గోడకు తగిలించుకునేది కాదు.

మా మిత్రుడు ఇప్పుడు లేడు. మా ఆవిడ పోయి ఆరేళ్లయింది. వోలేటివారి కచేరీలు, పాఠాలు కొన్ని యూట్యూబులో ఉన్నాయని మనవడు ఫోనులో పెట్టి ఇచ్చాడు. వాటిలో చాలాభాగం ఎవరో రసికులు రేడియో ముందు టేప్ రికార్డరు పెట్టి పట్టుకున్నవి. మధ్యలో వాన చప్పుడు, ఎవరో దగ్గడం, చివర అనౌన్సరు గొంతు సగంలో తెగిపోవడం అన్నీ ఉన్నాయి. నాలుగు పుస్తకాలు ముందేసుకుని వింటుంటే, ఆమె వదిలిన ఖాళీల్లో రెండు దొరికాయి. నాకు స్వరం రాయడం రాదు కనుక మనవరాలి చేత పెన్సిలుతో పూరింపజేశాను.

సభ్యులకు ఒక మనవి. మీ ఇళ్లలో అటకల మీద పాత రేడియో క్యాసెట్లు ఉంటే పారేయకండి. వాటి మీద రాసిన పేరును నమ్మకండి, సినిమా పాటలని రాసి ఉన్నదానికి రెండోవైపు కచేరీ ఉండవచ్చు. టేపు జిగటగా అంటుకుని ఉంటే, బూజు పట్టి ఉంటే మీ ఇంటి పాత ప్లేయరులో తిప్పవద్దు, తెగిపోతుంది. అలాగే కవరులో పెట్టి, మీ పేరు రాసి, సంఘం ఆఫీసులో ఇవ్వండి. నకలు తీయించి, అసలు క్యాసెట్టు మీకే తిరిగి అందజేసే పూచీ నాది.