బిల్ ఫింగర్

బాలబాలికలకు ప్రియమైన బ్యాట్‌మాన్ బొమ్మల కథ 1939లో అమెరికాలో వెలువడెను. దానికి తొలి రచయిత బిల్ ఫింగర్. ఇతడు 1914లో డెన్వర్ నగరమున జన్మించెను. చెప్పుల అంగడిలో పనిచేయుచు కథలు వ్రాయ మొదలిడెను.

చిత్రకారుడు బాబ్ కేన్ తొలుత ఆ కథానాయకునికి ఎర్రని దుస్తులును, బిరుసైన రెక్కలును గీసెను. ఫింగర్ సూచనచే దుస్తులు బూడిదవన్నె దాల్చెను. రెక్కలకు మారుగా వీపున వ్రేలాడు వస్త్రమును, ముఖమునకు గబ్బిలపు చెవులుగల ముసుగును వచ్చెను. కథలోని గోథమ్ నగరమునకు పేరిడినవాడును ఇతడే.

అయినను సృష్టికర్తగా కేన్ పేరొక్కటియే అచ్చగుచుండెను. ఫింగర్ 1974లో ఆ గౌరవమెరుగకయే మరణించెను. మనుమరాలు మొదలగువారి కృషిచే 2015లో అతని పేరు కేన్ పేరు సరసన చేరెను.

విద్యార్థులారా! ఇరువురు చేసిన పనికి ఇరువురి పేర్లును చెప్పుడు. అది కథలోని వీరత్వమునకు తీసిపోని ధర్మము.