ఆకాశానికి కాపు కాచిన వైను బప్పు

సికింద్రాబాదులోని కార్ఖానా నుండి బేగంపేట ఎంతో దూరం కాదు. ఆ బేగంపేటలోనే ఒకప్పుడు నిజామియా వేధశాల వెలసింది. నవాబు జాఫర్ జంగ్ అనే ప్రభువు ఖగోళ విద్యపై మక్కువతో స్వంత ధనం వెచ్చించి విదేశాల నుండి పెద్ద దుర్భిణిని తెప్పించాడు. 1907లో ఆయన గతించగా మరుసటి ఏడు నిజాం ప్రభుత్వం దానిని తన అధీనంలోకి తీసుకొన్నది. నక్షత్రాల స్థానాలను ఫోటో పలకలపై కొలిచి పట్టిక వేయడం అక్కడి ముఖ్య కార్యం. కంటికి ఇంపైన పని కాదది. ఏళ్ళ తరబడి ఓర్చుకొని చేయవలసిన లెక్క.

ఆ వేధశాలలో పనిచేసిన మలబారు కుటుంబీకుని ఏకైక పుత్రుడే మనాలి కల్లత్ వైను బప్పు. 1927 ఆగస్టు 10న మద్రాసులో జన్మించినా పెరిగింది హైదరాబాదులోనే. తోటి బాలురు చుక్కలను లెక్కపెట్టి నిద్రపోయే వయస్సులో, ఈ బాలునికి వాటి వెలుగు హెచ్చుతగ్గులను గమనించే అలవాటు పట్టుబడింది. నిజాం కళాశాలలో చదివే రోజుల్లోనే తన పరిశీలనలను పత్రికలలో ప్రకటించాడు. అప్పటికి ఆయన ఏ వేధశాలలోనూ ఉద్యోగి కాడు, అభిరుచే అర్హత.

హైదరాబాదు ప్రభుత్వ వేతనంతో 1949లో అమెరికాలోని హార్వర్డుకు వెళ్ళాడు. కొద్ది నెలలకే, జూలైలో, ఫోటో పలకపై ఒక తోకచుక్క బయటపడింది. దానికి బప్పు, బోక్, న్యూకర్క్ అనే ముగ్గురి పేర్లూ కలిపి పెట్టారు. పిమ్మట ఓలిన్ విల్సన్‌తో కలిసి, నక్షత్ర వర్ణపటంలో కాల్షియం రేఖ వెడల్పుకూ ఆ నక్షత్రపు నిజ కాంతికీ గల సంబంధాన్ని 1957లో లోకానికి తెలిపాడు. ఇద్దరి పేరు మీదనే అది నేటికీ చలామణిలో ఉన్నది.

ఇంతటివాడు విదేశంలోనే స్థిరపడవచ్చును. కాని 1953లో స్వదేశానికి మరలి వచ్చాడు. 1954లో కాశీలో నెలకొన్న ఉత్తరప్రదేశ్ వేధశాలకు ప్రధాన శాస్త్రజ్ఞుడై, మరుసటి ఏడు దానిని నైనితాల్ కొండలకు తరలించాడు.

1957 అక్టోబరు 4న రష్యా తొలి కృత్రిమ ఉపగ్రహాన్ని ఎగురవేసింది. చిన్న దుర్భిణులతో వరుసగా కూర్చొని దానిని పట్టే ఔత్సాహికుల బృందాలు అనేక దేశాలలో అప్పటికే సిద్ధంగా ఉన్నాయి. ఆ చూపులకు తోడుగా అమెరికా స్మిత్‌సోనియన్ సంస్థ ప్రపంచమంతటా పన్నెండు చోట్ల బేకర్-నన్ కెమెరాలను నిలిపింది. అందులో ఒకటి నైనితాల్‌లోనిది. నేలపై చీకటి పడినా ఎత్తున ఉన్న ఉపగ్రహంపై ఎండ పడుతూనే ఉంటుంది. కెమెరా దాని వెంట తిరిగితే, ఫిల్ముపై నక్షత్రాలు గీతలుగాను ఉపగ్రహం చుక్కగాను పడుతాయి. నక్షత్రాల స్థానాలు తెలుసు గనుక దాని స్థానమూ తెలుస్తుంది. తక్కువ ఎత్తున తిరిగే ఉపగ్రహం సెకనుకు ఎనిమిది కిలోమీటర్ల వరకు పోతుంది. గడియారం సెకనులో పదోవంతు తప్పినా చోటు ముప్పాతిక కిలోమీటరు తప్పుతుంది. భూమి ఆకారమూ, మీది గాలి పలుచదనమూ ఈ చుక్కల లెక్కల నుండే మరింత స్పష్టమయినాయి. బేగంపేటలో వేసిన పట్టికల వంటివి లేనిదే ఇదంతా సాగదు గదా!

1960లో కొడైకెనాల్ వేధశాలకు అధిపతియై, మంచి ఆకాశం కోసం వెదకి, తమిళనాడులోని జవ్వాదు కొండలలో కావలూరును ఎన్నుకొన్నాడు. 1972లో అక్కడ ఒక మీటరు దుర్భిణి నిలిచింది. ఆ ఏడే గురుగ్రహపు ఉపగ్రహం గానిమీడ్ ఒక నక్షత్రానికి అడ్డువచ్చిన క్షణాలను అక్కడ నమోదు చేశారు. గానిమీడ్‌కు పలుచని వాయుమండలం ఉన్నట్లు తోచింది. అది అనుకొన్నదానికన్నా ఎంతో పలుచనిదని తరువాతి వ్యోమనౌకలు తేల్చాయి. 1977లో యురేనస్ ఒక నక్షత్రాన్ని మరుగుపరచే సమయంలో ముందుగానే వెలుగు తగ్గింది. కావలూరు శాస్త్రజ్ఞులు మొదట దానిని కొత్త ఉపగ్రహమనే ప్రకటించారు. తీరా అది వలయం! కన్ను తప్పలేదు, పేరు మాత్రం తప్పింది.

1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘానికి అధ్యక్షుడైన తొలి భారతీయుడు బప్పు. కాని ఆయన మనసు 2.3 మీటర్ల దుర్భిణిపై ఉండేది. దేశంలోనే రూపొందాలని పట్టుబట్టి దానిని చేపట్టాడు. పని పూర్తికాకమునుపే, 1982 ఆగస్టు 19న జర్మనీలోని మ్యూనిక్ నగరంలో కన్నుమూశాడు. 1986 జనవరి 6న ప్రధాని రాజీవ్ గాంధీ కావలూరులో ఆ దుర్భిణికి వైను బప్పు పేరు పెట్టి ప్రారంభించారు.