భండారు అచ్చమాంబ

గుంటూరు సీమకు ఉత్తరపుటెల్లగా కృష్ణానది ప్రవహించుచున్నది. ఆ నదిని దాటి నందిగామ ప్రాంతమునకు పోయినచో అచటి నేలయు మన నేల వంటిదే. అచటను పత్తిచేలు, మిరపతోటలు కలవు. ఆ ప్రాంతమున మునేటి యొడ్డున పెనుగంచిప్రోలు అను గ్రామము కలదు. ఒకప్పుడు బండ్లు కట్టుకొని, నేడు బస్సులెక్కి, తిరుపతమ్మ తిరునాళ్ళకు పోవువారికి ఆ యూరు చిరపరిచితము. అయితే ఆ యూరి ఆడుబిడ్డ యొకతె తెలుగువారికి చేసిన మేలు వారిలో ఎందరికి తెలియును? ఆమెయే భండారు అచ్చమాంబ.

అచ్చమాంబ 1874వ సంవత్సరమున జన్మించెను. తండ్రి కొమర్రాజు వెంకటప్పయ్య, తల్లి గంగమ్మ. ఆమెకు మూడేండ్ల తరువాత తమ్ముడు లక్ష్మణరావు పుట్టెను. తెలుగున విజ్ఞాన సర్వస్వమును ప్రారంభించిన కొమర్రాజు లక్ష్మణరావు పంతులుగారు ఈయనే. బాలిక ఆరేండ్ల ప్రాయముననే తండ్రిని కోల్పోయెను. పదియవ యేట ఆమెకు భండారు మాధవరావుగారితో వివాహమయ్యెను. ఆయన మధ్యపరగణాలలో ఇంజనీరుగా ఉద్యోగము చేయుచుండెను. తెలుగు మాట వినబడని ఆ దూరదేశమునకు, అక్షరజ్ఞానమైనను సరిగా లేని ఆ చిన్నది కాపురమునకు పోయెను.

తమ్ముడు చదువుకొనుటకై అక్కగారి యింటికి వచ్చి చేరెను. ఒకే తల్లి బిడ్డలు. ఒకే కప్పు క్రింద నున్నవారు. కాని తమ్ముడు బడికి పోవలెను, అక్క వంటయింటికి పోవలెను. ఇది యెవరో చేసిన శాసనము కాదు. అందరును అట్లే యనుకొనుచుండిరి, అంతే. అచ్చమాంబ మాత్రము అట్లనుకొనలేదు. తమ్ముడు పుస్తకము తెరచినపుడెల్ల తానును ప్రక్కన చేరి తెలుగును, హిందీని నేర్చుకొనెను. అటుపిమ్మట మరాఠీ, గుజరాతీ, వంగభాషలను అభ్యసించెను. సంస్కృతమునను, ఆంగ్లమునను కొంత పరిచయము సంపాదించెను. పాఠశాల గడప త్రొక్కని గృహిణికి ఇన్ని భాషలు పట్టువడుట సామాన్యమైన విషయము కాదు.

ఆమెకు ఒక కుమారుడు, ఒక కుమార్తె కలిగిరి. ఇరువురును పసితనముననే గతించిరి. ఆ దుఃఖమును గూర్చి ఎక్కువగా వ్రాయుట నా చేతకాదు. ఆమె ఆ శోకములో మునిగిపోక గ్రంథపఠనమునను, అనాథలైన పిల్లలను తన యింట నుంచుకొని చదివించుటయందును మనస్సు నిలిపెను.

ఆ కాలమున కొందరు పెద్దలు స్త్రీలు సహజముగనే అబలలనియు, బుద్ధిహీనలనియు, విద్య చెప్పించినచో చెడిపోదురనియు వాదించుచుండిరి. వారు తమ వాదమునకు ఆధారముగా చరిత్రను చూపుచుండిరి. చరిత్ర గ్రంథములను తిరగవేసినచో రాజులు, మంత్రులు, కవులు, అందరును పురుషులే. స్త్రీలకు శక్తియే యున్నచో వారి పేర్లేవి యని వారి ప్రశ్న. అచ్చమాంబ ఈ వాదములోని లోపమును కనిపెట్టెను. పుస్తకములో పేరు లేకపోవుట వేరు, లోకములో మనిషి లేకపోవుట వేరు. వ్రాసినవారు వదలివేసినదానిని చూపి అసలే లేదనుట న్యాయము కాదు.

వాదమునకు వాదముతో బదులు చెప్పి ఊరకుండక, ఆమె పేర్లను వెదకుటకు పూనుకొనెను. పలుభాషల గ్రంథములను శోధించెను. దొరకిన కథనములలో నమ్మదగినవానిని ఏరుకొని చరిత్రలు వ్రాసెను. కందుకూరి వీరేశలింగం పంతులుగారు వానిని తమ చింతామణి పత్రికయందు ప్రకటించిరి. 1901లో అవి అబలా సచ్చరిత్ర రత్నమాల అను పేర గ్రంథముగా వెలువడెను. సుమారు వేయి సంవత్సరముల కాలములో భారతదేశమున ప్రసిద్ధి కెక్కిన 34 మంది స్త్రీల చరిత్రలు అందు గలవు. అప్పటికి గ్రంథకర్త్రి వయస్సు ఇరువదియేడేండ్లు మాత్రమే.

బాలబాలికలారా! ఇది నూరేండ్లకు పైబడిన కథ గదా, మనకేల యని తలంపకుడు. నేడు కృత్రిమ మేధ యను మాట మీరందరును వినుచున్నారు. ఆ యంత్రము తనంత తాను ఏదియు నెరుగదు. మనుష్యులు వ్రాసి యుంచిన కోట్లకొలది పుటలను, బొమ్మలను, లెక్కలను చూచి నేర్చుకొనును. ఆ పుటలలో లోపమున్నచో దానికిని ఆ లోపమే అబ్బును. అమెరికాలోని అమెజాన్ సంస్థ ఉద్యోగపు దరఖాస్తులను వడపోయుటకు ఒక యంత్రవిధానమును తయారు చేయించెను. పదేండ్లుగా తమకు వచ్చిన దరఖాస్తులను దానికి పాఠముగా నిచ్చిరి. వానిలో అధికభాగము పురుషులవి. అందుచేత ఆ యంత్రము పురుషులే తగినవారని నేర్చుకొనెను. స్త్రీల అను మాట దరఖాస్తులో కనబడినచో, అది స్త్రీల క్రీడాసంఘము పేరైనను సరే, మార్కులు తగ్గించుచుండెను. సంస్థవారు ఆ విధానమును విడిచిపెట్టిరని 2018లో పత్రికలు వెల్లడించెను. అచ్చమాంబ నాటి పెద్దలు చేసిన పొరపాటునకును, ఈ యంత్రము చేసిన పొరపాటునకును నాకు భేదము కనబడుట లేదు.

యంత్రమును మాత్రమే నిందించుట యెందుకు? నేను ఉపాధ్యాయుడుగా నున్నపుడు ఒకనాడు తరగతిలో రైతు బొమ్మ గీయుడని చెప్పితిని. అందరును తలపాగా చుట్టిన పురుషుని గీసిరి. ఆ పిల్లల తల్లులలో పలువురు ఆ వేళ మిరపకాయలు కోయుచునో, పత్తి తీయుచునో చేలలోనే యుండిరి. పిల్లల పుస్తకములలోని బొమ్మలట్లుండెను. వారును అట్లే గీసిరి.

నా పొరపాటు ఇంతకంటె పెద్దది. అచ్చమాంబ కథలును వ్రాసెను. వానిలో ధనత్రయోదశి యనునది 1902లో హిందూ సుందరి పత్రికలో అచ్చయ్యెను. దీపావళి పండుగకు భార్యకు మంచి చీర తేవలెనను ఆశతో ఒక పేద గుమాస్తా యజమాని సొమ్మును తెచ్చును. భార్య ఆ సొమ్మును ముట్టక, భర్తను మందలించి, దానిని మరల అప్పగింపుమని పంపును. పేదరికములో సైతము ధర్మము తప్పని ఇల్లాలి కథ యిది. గురజాడ అప్పారావుగారి దిద్దుబాటు వెలువడినది 1910లో. దిద్దుబాటు గొప్ప కథ, సందేహము లేదు. కాని తెలుగున తొలి కథానిక యేది యని అడిగినపుడు చిరకాలము అందరును దాని పేరే చెప్పుచు వచ్చిరి. నా గురువులు నాకట్లు చెప్పిరి. నేను నా శిష్యులకట్లే చెప్పితిని. అచ్చమాంబ పేరు నా నోట ఒక్కనాడును రాలేదు. ధనత్రయోదశియే మొదటిదని నేడు పలువురు విమర్శకులు తలంచుచున్నారు. కాదనువారును కలరు. ఆ తగవును తీర్చుటకు నేను సమర్థుడను కాను. అయితే తగవు జరుగవలెనన్నను ముందు పేరు తెలియవలెను గదా!

అచ్చమాంబ వ్రాతతోనే తృప్తి పడలేదు. 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి మచిలీపట్టణమున బృందావన స్త్రీ సమాజమును స్థాపించెను. పిదప తెలుగునాట పలు తావులకు పోయి, స్త్రీలను కూడగట్టి, సమాజముల నేర్పరచుటకు పాటుపడెను. ఇల్లు వదలి స్త్రీ సభ తీర్చుట వింతగా తోచిన దినములవి.

ఆమె ఆయువు స్వల్పము. ప్లేగు వ్యాపించినపుడు రోగులకు భయపడక పరిచర్య చేసెను. ఆ వ్యాధి ఆమెకును సోకెను. 1905 జనవరి 18వ తేదీన, ముప్పదేండ్ల ప్రాయమున ఆమె కన్నుమూసెను. ఆ మరుసటి సంవత్సరమే తమ్ముడు విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించి చరిత్ర, శాస్త్ర గ్రంథములను తెలుగున ప్రకటింప మొదలిడెను.

అబలా సచ్చరిత్ర రత్నమాలను మూడు భాగములుగా వ్రాయవలెనని అచ్చమాంబ సంకల్పము. మొదటిది చరిత్రకెక్కిన భారతస్త్రీలను గూర్చినది, అది పూర్తియయ్యెను. రెండవదానికై వేదపురాణములలోని స్త్రీల చరిత్రలు కొన్ని వ్రాసెను. విదేశములలోని స్త్రీలను గూర్చి వ్రాయదలచిన మూడవ భాగము వెలువడనే లేదు.